దెబ్బ కొట్టే హీలర్: స్మైట్ ప్రీస్ట్ ప్రాజెక్టు డైరీ

ఆట: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్, 2019లో వచ్చిన రూపం. రూల్సన్నీ పాత 1.12 ప్యాచ్‌వి. క్లాస్: ప్రీస్ట్ (హీలింగ్ చేసే పూజారి పాత్ర). టాలెంట్లు, అంటే పాయింట్లు పెట్టి తీసుకునే నైపుణ్యాలు, డిసిప్లిన్, హోలీ, షాడో అనే మూడు చెట్లుగా ఉంటాయి. లక్ష్యం: షాడో చెట్టులో లోతుగా దిగకుండా, ముఖ్యంగా హోలీ స్పెల్స్‌తోనే డ్యామేజ్ చేస్తూ, అదే గేర్‌తో (వేసుకునే సామగ్రితో) అదే టాలెంట్లతో ఐదుగురి గ్రూపుకి హీలింగ్ కూడా చేయడం.

ఇందులో కొత్తేముంది అంటారేమో. తర్వాతి ఎక్స్‌పాన్షన్లలో డ్యామేజ్ చేస్తే దానంతటదే హీలింగ్ అయ్యే ప్రీస్ట్ వచ్చాడు. 1.12లో హోలీ స్పెల్స్‌కి ఆ సదుపాయం లేదు. స్మైట్ (హోలీ దెబ్బ స్పెల్) వేస్తే రాక్షసుడికి దెబ్బ తగులుతుంది, అంతే, ట్యాంక్‌కి (దెబ్బలన్నీ తన మీదికి తీసుకునే ఆటగాడికి) ఒక్క పాయింట్ ఆరోగ్యం కూడా రాదు. రెండు పనులకీ ఒకటే మానా (స్పెల్స్‌కి ఖర్చయ్యే శక్తి) కుండ. కాబట్టి ఈ బిల్డ్‌లో (టాలెంట్ల ఎంపికలో) తేల్చాల్సింది డ్యామేజ్ ఎంత వస్తుందన్నది కాదు, ఆ డ్యామేజ్‌కి పెట్టిన మానా ఎక్కడినుంచి తిరిగొస్తుందన్నది. కింద రాసిందంతా దాదాపు ఆ లెక్కే.

ముందుగా: ఈ బిల్డ్ ఎందుకు నిలబడుతుంది

మూడు కారణాలున్నాయి. ఒకటి, డివైన్ ఫ్యూరీ. 5 పాయింట్లు పెడితే స్మైట్, హోలీ ఫైర్, హీల్, గ్రేటర్ హీల్ నాలుగింటికీ అర సెకను తగ్గుతుంది. స్మైట్ 2.5 నుంచి 2.0కి, గ్రేటర్ హీల్ 3.0 నుంచి 2.5కి దిగుతాయి. రెండు, హోలీ స్పెషలైజేషన్: 5 పాయింట్లకి హోలీ స్పెల్స్ అన్నిటికీ 5% క్రిట్ (మామూలు కన్నా పెద్ద దెబ్బ లేదా హీల్ పడే అవకాశం). దెబ్బకీ అదే, హీల్‌కీ అదే. హీల్ క్రిట్ అయితే ఇన్‌స్పిరేషన్ టాలెంట్ వల్ల ట్యాంక్‌కి 15 సెకన్లపాటు 25% ఆర్మర్ పెరుగుతుంది కూడా. మూడు, ఈ ఆటలో హోలీ రెసిస్టెన్స్ అనేదే లేదు. మోల్టెన్ కోర్ రెయిడ్‌లో (పెద్ద గుంపు కలిసి ఆడే చోటు), నిప్పు తగలని రాక్షసుల ముందు ఫైర్ మేజ్‌లు చేతులు కట్టుకు కూర్చునే చోట స్మైట్ మామూలుగానే తగులుతుంది.

పడగొట్టేవీ ఉన్నాయి. షాడో ప్రీస్ట్‌కి షాడో ఫోకస్ వల్ల 10% హిట్ (స్పెల్ తప్పిపోకుండా తగిలే అవకాశం) వస్తుంది, అది షాడో స్పెల్స్‌కే. హోలీకి టాలెంట్లలో హిట్ ఒక్క శాతం కూడా రాదు. హీలింగ్ ఫోకస్ టాలెంట్ పేరు చూసి మోసపోకండి. దెబ్బలు తగులుతున్నా కాస్టింగ్ వెనక్కి పోకుండా 70% కాపాడుతుంది గానీ, హీలింగ్ స్పెల్స్‌ని మాత్రమే. స్మైట్‌కి ఆ రక్షణ లేదు. స్మైట్ వెనక్కి పోకూడదంటే ఈ బిల్డ్‌లో పవర్ వర్డ్ షీల్డ్ ఒక్కటే దారి. షీల్డ్ దెబ్బని మింగుతున్నంతసేపూ కాస్టింగ్ కదలదు.

లెవెల్ 1 నుంచి 19: స్మైట్ కాదు, వాండ్

స్మైట్ ప్రీస్ట్ అని పేరు పెట్టుకుని మొదటి ఇరవై లెవెళ్లూ వాండ్‌తో (దూరం నుంచి కొట్టే మంత్రదండంతో) గడపడం వింతగానే ఉంటుంది. కానీ లెక్క చూడండి. ఎన్‌చాంటింగ్ వృత్తిలో 10 స్కిల్‌కే చేయగల లెసర్ మ్యాజిక్ వాండ్‌ని లెవెల్ 5లో పట్టుకోవచ్చు. దాని డ్యామేజ్ సెకనుకి 10 పైనే. ఆ లెవెల్లో స్మైట్ కూడా దాదాపు అంతే కొడుతుంది, మానా మాత్రం తింటుంది. లెవెల్ 13కి గ్రేటర్ మ్యాజిక్ వాండ్, ఎన్‌చాంటింగ్ 70. ఈ రెండూ ముందే సిద్ధం చేసుకోండి. చేసేవాళ్లు దొరక్కపోతే వేలంలో చూడండి, సాధారణంగా చవకే.

టాలెంట్లు: లెవెల్ 10 నుంచి 14 వరకు షాడోలో స్పిరిట్ ట్యాప్ 5. లెవెల్ 15 నుంచి 19 వరకు డిసిప్లిన్‌లో వాండ్ స్పెషలైజేషన్ 5, అంటే వాండ్ డ్యామేజ్‌కి 25% అదనం.

పుల్ (రాక్షసుడిని పోరాటానికి లాగడం) చేసే పద్ధతి: షీల్డ్ వేసుకుని కొద్ది సెకన్లు ఆగండి. స్మైట్ ఒకటి, షాడో వర్డ్ పెయిన్ ఒకటి, ఆ తర్వాత చచ్చేదాకా వాండ్. ఆగమనడానికి కారణం ఐదు సెకన్ల రూల్. మానా ఖర్చయిన క్షణం నుంచి 5 సెకన్లపాటు స్పిరిట్ వల్ల వచ్చే మానా ఆగిపోతుంది. వాండ్‌కి మానా ఖర్చు లేదు కాబట్టి వాండ్ నడుస్తుంటే ఆ గడియారం తనపాటికి తను తిరుగుతుంది.

లెవెల్ 20 నుంచి 39: హోలీ చెట్టు మొత్తం ఇక్కడే

లెవెల్ 20కి ట్రైనర్ దగ్గర హోలీ ఫైర్ వస్తుంది. స్మైట్ ర్యాంకులు (అదే స్పెల్‌కి ఇంకా బలమైన రూపాలు) 22, 30, 38 లెవెళ్లలో పెరుగుతాయి. ఆ తర్వాత 46లో, 54లో.

పాయింట్లు ఈ వరసలో: హోలీ స్పెషలైజేషన్ 5 (లెవెల్ 24 దాకా), డివైన్ ఫ్యూరీ 5 (29), హీలింగ్ ఫోకస్ 2, ఇన్‌స్పిరేషన్ 3 (34), సియరింగ్ లైట్ 2 (36), హోలీ రీచ్ 2 (38), హోలీ నోవా 1 (39). మొత్తం 20. సియరింగ్ లైట్ స్మైట్‌కి, హోలీ ఫైర్‌కి 10% పెంచుతుంది. హోలీ రీచ్ వల్ల స్మైట్ రేంజ్ 30 గజాల నుంచి 36కి పెరుగుతుంది. ఆరు గజాలే కదా అనిపిస్తుంది కానీ, ఒంటరిగా ఆడేటప్పుడు మొదటి హోలీ ఫైర్ తర్వాత ఇంకో స్మైట్‌లో కొంత భాగం రాక్షసుడు దగ్గరికి వచ్చేలోపే అయిపోతుంది.

లెవెల్ 29 దాటేదాకా ఓపిక కావాలి. డివైన్ ఫ్యూరీ పూర్తికాక ముందు స్మైట్ 2.5 సెకన్ల స్పెల్, వాండ్ కన్నా గొప్పగా ఏమీ ఉండదు. పూర్తయ్యాక తేడా చేతికి తెలుస్తుంది.

ఈ దశ పుల్: షీల్డ్, చివరి రేంజ్ నుంచి హోలీ ఫైర్, స్మైట్ రెండు లేదా మూడు, మిగిలింది వాండ్. ఆఖరి దెబ్బ వాండ్‌దే కావాలి. ఇక్కడ కాస్త ఆగి లెక్క వేద్దాం. 100 స్పిరిట్ ఉన్న ప్రీస్ట్‌కి ప్రతి 2 సెకన్లకీ 13 + స్పిరిట్‌లో నాలుగో వంతు, అంటే 38 మానా వస్తుంది. అనుభవం ఇచ్చే రాక్షసుడిని చంపగానే స్పిరిట్ ట్యాప్ స్పిరిట్‌ని 15 సెకన్లపాటు రెట్టింపు చేస్తుంది: 38 కాస్తా 63 అవుతుంది. ఏడు టిక్కులకి (2 సెకన్ల విడతలకి) 441 మానా. కానీ ఆఖరి దెబ్బ స్మైట్‌తో కొడితే ఐదు సెకన్ల రూల్ మళ్లీ మొదలై, ఆ కాసేపూ సగమే వస్తుంది. పోయేది రెండు మూడు టిక్కుల్లో సగం, 60 నుంచి 95 మానా దాకా. నాలుగో ర్యాంకు స్మైట్ ఖర్చు 95. అంటే రాక్షసుడిని అర సెకను ముందు పడుకోబెట్టాలన్న తొందరకి దాదాపు ఒక స్మైట్ సమర్పించుకున్నట్టే.

గేర్ గురించి ఈ దశలో పెద్దగా చెప్పడానికి లేదు. పేరు చివర "ఆఫ్ ది ఔల్" ఉన్న ఆకుపచ్చ వస్తువులు తీసుకోండి, ఇంటలెక్ట్ స్పిరిట్ రెండూ ఉంటాయి.

లెవెల్ 40 నుంచి 60

మిగిలిన 21 పాయింట్లూ డిసిప్లిన్‌కే. ఇంప్రూవ్డ్ షీల్డ్ 3, ఇంప్రూవ్డ్ ఫోర్టిట్యూడ్ 2, ఇన్నర్ ఫోకస్ 1, మెడిటేషన్ 3, సైలెంట్ రిజాల్వ్ 1, మెంటల్ ఎజిలిటీ 5, మెంటల్ స్ట్రెంగ్త్ 5, ఫోర్స్ ఆఫ్ విల్ 1. 60కి చేరేసరికి లెక్క 26/20/5 (డిసిప్లిన్/హోలీ/షాడో).

ఇన్నర్ ఫోకస్‌ని స్మైట్ మీద వాడకండి. తర్వాతి స్పెల్‌ని ఉచితం చేసి 25% క్రిట్ ఇచ్చే ఈ బటన్ 3 నిమిషాలకి ఒకసారే వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తగిలే హోలీ నోవా ఖర్చు పై ర్యాంకులో 750 మానా. ఉచితం చేయాల్సింది దాన్ని, లేదా ప్రేయర్ ఆఫ్ హీలింగ్‌ని. హోలీ నోవాకి అగ్రో (రాక్షసుల కోపం మన మీదికి తిరగడం) రాదు కూడా. అయినా మామూలుగా ఆ 750 పెట్టి నోవా కొట్టడం దండగే. అది ఈ బిల్డ్‌లో ఉన్నది పాయింట్ల లెక్క సరిపెట్టడానికి, అప్పుడప్పుడు దొంగచాటుగా వచ్చే రోగ్‌ని మొదటి ర్యాంకుతో బయటపెట్టడానికి.

60లో మొదటి కొలత: కుండ ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది

ఎనిమిదో ర్యాంకు స్మైట్: 371 నుంచి 415 డ్యామేజ్, సగటు 393. ఖర్చు 280 మానా. గేర్ ఇచ్చే స్పెల్ డ్యామేజ్ బోనస్‌లో 71.4% దీనికి కలుస్తుంది (2.5ని 3.5తో భాగిస్తే వచ్చేది. డివైన్ ఫ్యూరీ కాస్ట్ టైమ్‌ని తగ్గించినా ఈ వాటా తగ్గదు, అదే అసలు లాభం).

200 స్పెల్ డ్యామేజ్ ఉందనుకోండి. 393 + 143 = 536. సియరింగ్ లైట్ 10%, (పైన ఒక్క పాయింటే పెట్టినా ఇక్కడ లెక్కకి) పూర్తి ఫోర్స్ ఆఫ్ విల్ 5% కలిపితే దాదాపు 619. రెండు సెకన్లకి ఒకటి, అంటే క్రిట్ లెక్కలోకి తీసుకోకుండానే సెకనుకి 309. బాగుంది కదా. ఇప్పుడు రెండోవైపు చూడండి. సెకనుకి 140 మానా కారిపోతోంది. 5000 మానా ఉన్న ప్రీస్ట్‌కి 17 స్మైట్లు వస్తాయి. 34 సెకన్లలో అయిపోతుంది.

మెడిటేషన్ ఆదుకుంటుందా? 250 స్పిరిట్‌కి టిక్కు 75. కాస్టింగ్ మధ్యలో మెడిటేషన్ దానిలో 15% ఇస్తుంది, రెండు సెకన్లకి 11. ఖర్చు రెండు సెకన్లకి 280. ఇంతకన్నా చెప్పేదేముంది.

నీళ్ల లెక్క

మేజ్ చేసే కాంజ్యూర్డ్ క్రిస్టల్ వాటర్ 30 సెకన్లలో 4200 మానా ఇస్తుంది. అంటే సెకనుకి 140. పై ర్యాంకు స్మైట్ సెకనుకి తినేది కూడా సరిగ్గా 140. స్మైట్ వేసిన ప్రతి సెకనుకీ తర్వాత ఒక సెకను కూర్చుని తాగాలి. డన్‌జన్‌లో (ఐదుగురి గ్రూపు వెళ్లే చోట) ఈ బిల్డ్ గురించి వాదన ఏదైనా ఈ ఒక్క సమీకరణం దగ్గర తేలిపోతుంది.

గ్రూపులో మిగతా నలుగురు కలిపి సెకనుకి 800 కొడుతున్నారనుకోండి. మీ 619 స్మైట్ పోరాటాన్ని ముప్పావు సెకను తగ్గిస్తుంది. దానికి మీరు 2 సెకన్లు తాగాలి. ఐదుగురూ మీకోసం నిలబడితే అది నష్టం. గ్రూపు బలహీనంగా ఉండి 400 మాత్రమే కొడుతుంటే, ఆదా 1.55 సెకన్లు, ఖర్చు 2. ఇంకా నష్టమే, కాకపోతే దగ్గరికి వచ్చింది. మరి లాభం ఎప్పుడు? మేజ్‌లు, వార్లాక్‌లు ఎలాగూ తాగడానికి కూర్చున్నప్పుడు. వాళ్లు 15 సెకన్లు తాగుతుంటే మీరూ ఆ 15 సెకన్లు తాగుతారు, ఆ 2100 మానా మీకు ఉచితం. ఏడు స్మైట్లు. ఇద్దరు రోగ్‌లు, ఒక వారియర్ ఉన్న గ్రూపులో ఆ విరామం దొరకదు, అక్కడ స్మైట్ బటన్‌ని మర్చిపోయి వాండ్ వాడండి. ఎవరితో వెళ్తున్నామో చూసుకుని ఎంత కొట్టాలో నిర్ణయించుకోవాల్సిన హీలర్ ఇది.

కింది ర్యాంకు స్మైట్: ప్రాజెక్టుని నిలబెట్టిన మార్పు

1.12లో స్పెల్ నేర్చుకునే లెవెల్ 20 కన్నా తక్కువైతేనే స్పెల్ డ్యామేజ్ వాటాలో కోత పడుతుంది. నాలుగో ర్యాంకు స్మైట్ లెవెల్ 22ది. కాస్ట్ టైమ్ అదే, వాటా పూర్తిగా అదే 71.4%. ఖర్చు 95 మానా. దాని సొంత డ్యామేజ్ దాదాపు 100.

200 స్పెల్ డ్యామేజ్‌తో, టాలెంట్లు కలపకముందు: నాలుగో ర్యాంకు 243, అంటే ఒక మానాకి 2.56. ఎనిమిదో ర్యాంకు 536, ఒక మానాకి 1.91. స్పెల్ డ్యామేజ్ 400 అయితే నాలుగో ర్యాంకు 386, మానాకి 4 దాటింది. ఎనిమిదో ర్యాంకు 679, మానాకి 2.43. మరోలా చెప్పాలంటే, 34% మానాకి 57% దెబ్బ.

నీళ్ల లెక్కలో పెడితే ఒక నాలుగో ర్యాంకు స్మైట్‌కి తాగాల్సింది 0.68 సెకను. 400 కొట్టే గ్రూపులో అది ఆదా చేసేది 0.70. సరిగ్గా గట్టున పడింది. గేర్ పెరిగేకొద్దీ ఇంకా మెరుగవుతుంది. అందుకే బార్ మీద స్మైట్‌కి రెండు బటన్లు పెట్టండి: మామూలుగా వాడేది నాలుగో ర్యాంకు, బాస్ చివరి 10 శాతంలోనో, హీలర్ మీద పడబోయే యాడ్‌ని (అదనంగా వచ్చిన రాక్షసుడిని) వెంటనే చంపాల్సి వచ్చినప్పుడో ఎనిమిదో ర్యాంకు. మూడో ర్యాంకు (లెవెల్ 14) జోలికి పోకండి, కోత అక్కడినుంచే మొదలవుతుంది.

డన్‌జన్‌లో ఒక పుల్, మొదటినుంచి చివరిదాకా

ట్యాంక్ వారియర్ అయితే ముందే షీల్డ్ వేయకండి. షీల్డ్ మింగిన దెబ్బకి వారియర్‌కి రేజ్ (అతని నైపుణ్యాలకి కావాల్సిన శక్తి) రాదు, రేజ్ లేకపోతే అగ్రో రాదు, అగ్రో లేకపోతే మీ మొదటి స్మైట్‌కే రాక్షసులు మీ వైపు తిరుగుతాయి. బదులుగా కొద్దికొద్దిగా హీల్ చేసే రెన్యూ వేయండి, 15 సెకన్లు నడుస్తుంది.

ట్యాంక్ రెండు సండర్లు (అగ్రో తెచ్చే దెబ్బలు) వేసేదాకా వాండ్. ఆ తర్వాత నాలుగో ర్యాంకు స్మైట్ మొదలు. అగ్రో విషయంలో హీలర్ డ్యామేజ్‌కి ఉన్న ఇబ్బంది ఏమిటంటే, హీలింగ్ అగ్రో సగానికి తగ్గి, ఉన్న రాక్షసులన్నిటి మధ్యా పంచబడుతుంది. డ్యామేజ్ అగ్రో మాత్రం మొత్తం ఒక్కదాని మీదే పడుతుంది. కాబట్టి ట్యాంక్ కొడుతున్నదాన్నే కొట్టాలి, పక్కదాన్ని కాదు. దీనికి మాక్రో (ఒక బటన్‌కి కట్టిన ఆదేశాలు) ఒకటి తప్పనిసరి: టార్గెట్ శత్రువైతే దాని మీద స్మైట్, టార్గెట్ మిత్రుడైతే అతని టార్గెట్ మీద స్మైట్. అలా పెట్టుకుంటే పుల్ మొత్తం ట్యాంక్‌నే టార్గెట్‌లో ఉంచుకోవచ్చు. హీల్ నొక్కితే ట్యాంక్‌కి వెళ్తుంది, స్మైట్ నొక్కితే ట్యాంక్ కొడుతున్నదానికి వెళ్తుంది, మధ్యలో క్లిక్ చేయాల్సిన పని లేదు. మిగతా నలుగురికీ మౌస్‌ఓవర్ హీల్ మాక్రోలు (మౌస్ ఎవరిమీద ఉంటే వాళ్లకి హీల్ వెళ్తుంది).

రెండో మాక్రో ఫ్లాష్ హీల్‌కి, ముందు వరుసలో స్టాప్‌కాస్టింగ్ (నడుస్తున్న కాస్టింగ్‌ని ఆపే ఆదేశం) పెట్టి. స్మైట్ సగంలో ఉండగా ట్యాంక్ ఆరోగ్యం ఒక్కసారిగా జారితే, కాస్టింగ్ ఆపితే మానా పోదు. మానా కత్తిరించేది కాస్టింగ్ పూర్తయినప్పుడే. పోయేది సమయం మాత్రమే. అయితే ఈ వరుసని గ్రేటర్ హీల్ మాక్రోలో పెట్టకండి, కంగారులో రెండుసార్లు నొక్కితే నడుస్తున్న హీల్‌నే చంపుకుంటారు.

హద్దులు ఇలా పెట్టుకుంటే బాగా నడుస్తోంది. మానా 80% పైన ఉంటే స్మైట్ ఆగకుండా. 80 నుంచి 60 మధ్య రెన్యూ నడుస్తున్నప్పుడు మాత్రమే. 60 కింద వాండ్. 40 దగ్గర పోరాటం అయిపోగానే తాగడం, ఎవరు పరిగెత్తినా సరే. ఇవి రాతిమీద గీతలు కావు. ట్యాంక్ గేర్ బాగుంటే 50 దాకా దించొచ్చు.

తాళం పడటం

దీన్ని విడిగా రాయాలి, ఎందుకంటే బిల్డ్ చూడగానే ఎవరికీ తట్టని సమస్య ఇదే. స్మైట్, ఫ్లాష్ హీల్, షీల్డ్ అన్నీ హోలీ స్కూల్ స్పెల్స్. స్మైట్ వేస్తుండగా శత్రువు దాన్ని అడ్డుకుంటే మొత్తం హోలీ స్కూల్‌కి తాళం పడుతుంది. రోగ్ కిక్ కొడితే 5 సెకన్లు, మేజ్ కౌంటర్‌స్పెల్ వేస్తే 10 సెకన్లు ట్యాంక్‌కి ఒక్క హీల్ కూడా పడదు. షాడో ప్రీస్ట్‌కి ఈ బాధ లేదు, మైండ్ బ్లాస్ట్‌కి తాళం పడినా హీలింగ్ తెరిచే ఉంటుంది.

డన్‌జన్‌లో కిక్, పమ్మెల్, ఎర్త్ షాక్ వేసే రాక్షసులు దగ్గరలో ఉంటే స్మైట్ ఆపేసి వాండ్‌కి మారండి. దూరంగా ఉంటే పర్వాలేదు, కిక్, పమ్మెల్ చేతికందేంత దూరంలోనే తగులుతాయి, హోలీ రీచ్ 36 గజాలు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. బాటిల్‌గ్రౌండ్‌లో ఎదుటి మేజ్ ఉన్నంతసేపూ మొదటి స్మైట్‌ని సగంలో ఆపి కౌంటర్‌స్పెల్‌ని బయటికి లాగాలి. తాళం పడ్డాక మిగిలేవి సైకిక్ స్క్రీమ్, వాండ్, కాళ్లు.

గేర్: ఆకుపచ్చ అక్షరాలు చదవండి

డ్రాప్ అయిన వస్తువు మీద "డ్యామేజ్ అండ్ హీలింగ్" అని ఉంటే రెండు పనులకీ పనికొస్తుంది. "హీలింగ్" ఒక్కటే ఉంటే స్మైట్‌కి సున్నా. ఈ తేడాకి మంచి ఉదాహరణ ప్రీస్ట్‌ల పేరుమోసిన కర్ర. దాన్ని బెనెడిక్షన్‌గా, అనాథెమాగా మార్చుకోవచ్చు. బెనెడిక్షన్ రూపంలో ఉన్న బోనస్ హీలింగ్‌ది, అనాథెమా రూపంలో ఉన్నది షాడో డ్యామేజ్‌ది. స్మైట్‌కి రెండూ చేరవు. బెనెడిక్షన్‌లో హోలీ స్పెల్స్‌కి ఉన్న 2% క్రిట్ ఒక్కటే మిగులుతుంది. ఇంత కష్టపడి సంపాదించే కర్ర ఈ బిల్డ్‌కి మామూలు కర్రే.

కచ్చితంగా వెతకాల్సినది బ్రయార్‌వుడ్ రీడ్, అప్పర్ బ్లాక్‌రాక్ స్పైర్‌లో అరుదుగా కనిపించే జెడ్ రూన్‌వాచర్ దగ్గర. 29 స్పెల్ డ్యామేజ్, హీలింగ్‌తో సహా. ఆ తర్వాత టైలరింగ్ తెలిస్తే బ్లడ్‌వైన్ చొక్కా, ప్యాంటు, బూట్లు. మూడూ కలిపి 4% హిట్, టైలరింగ్ 300 ఉంటే సెట్ బోనస్‌గా 2% క్రిట్.

హిట్ ఎంత కావాలన్నది ఎవరిని కొడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. లెవెల్ 60 రాక్షసుడి మీద 4% తప్పుతుంది, 62 మీద 6%, రెయిడ్ బాస్ అంటే 63 మీద ఏకంగా 17%. చివరి 1% ఎంత గేర్ ఉన్నా పోదు. కాబట్టి డన్‌జన్‌కి 5% చాలు. రెయిడ్‌కి 16% కావాలి, మనకి అది అందదు. 400 స్పెల్ డ్యామేజ్ స్థాయిలో బాస్ మీద 1% హిట్ విలువ దాదాపు 11 స్పెల్ డ్యామేజ్, 1% క్రిట్ విలువ 4 లేదా 5. క్రిట్ వెంట పడొద్దు.

ఎలిక్సర్లలో గ్రేటర్ ఆర్కేన్ ఎలిక్సర్ (35), కర్రకి బ్రిలియంట్ విజర్డ్ ఆయిల్ (36, పైన 1% క్రిట్). షాడో పవర్ ఎలిక్సర్ పొరపాటున కొనకండి, పేరులోనే ఉంది.

రెయిడ్ ప్రయోగం: 31/20/0, 26/25/0

టాలెంట్లు మార్చడానికి ట్రైనర్ తీసుకునేది మొదటిసారి 1 గోల్డ్, తర్వాత 5, 10, అలా 5 చొప్పున పెరిగి 50 దగ్గర ఆగుతుంది. కాబట్టి ముందు కాగితం మీద తేల్చుకోవడం మంచిది.

31/20/0లో స్పిరిట్ ట్యాప్ తీసేసి ఆ 5 పాయింట్లతో ఫోర్స్ ఆఫ్ విల్ పూర్తి చేసి పవర్ ఇన్‌ఫ్యూజన్ దాకా వెళ్తాం. అది 3 నిమిషాలకి ఒకసారి 15 సెకన్లపాటు 20% డ్యామేజ్, హీలింగ్ ఇస్తుంది. 26/25/0లో ఫోర్స్ ఆఫ్ విల్, ఇన్‌ఫ్యూజన్ రెండూ వదిలేసి, హోలీలో స్పిరిచువల్ గైడెన్స్ 5 తీసుకుంటాం: మొత్తం స్పిరిట్‌లో 25% స్పెల్ డ్యామేజ్‌గా, హీలింగ్‌గా మారుతుంది. ఇరవై ఆరో పాయింటు డివైన్ స్పిరిట్‌కి. 60లో అది 40 స్పిరిట్ ఇస్తుంది, ఎవరిమీద వేస్తే వాళ్లకి.

400 స్పెల్ డ్యామేజ్ దగ్గర ఫోర్స్ ఆఫ్ విల్ 5 పాయింట్ల విలువ దాదాపు 7.5% (5% డ్యామేజ్, 5% క్రిట్). దానికి సమానమైన స్పెల్ డ్యామేజ్ 71, అంటే 285 స్పిరిట్. ఇన్‌ఫ్యూజన్ సగటు 1.7%ని కూడా కలిపితే 350 స్పిరిట్ దగ్గర రెండు బిల్డ్‌లూ సమానం. మనుషుల జాతి ప్రీస్ట్‌కి స్పిరిట్ 5% అదనం కాబట్టి వాళ్లు అక్కడికి త్వరగా చేరతారు. పైగా గైడెన్స్ హీలింగ్‌కీ కలుస్తుంది, ఫోర్స్ ఆఫ్ విల్ కలవదు. మా ఓటు 26/25/0కే. రెయిడ్‌లో ఒకే ఒక్క మినహాయింపు: మంచి మేజ్ ఉండి, అతనికి ఇన్‌ఫ్యూజన్ ఇచ్చేవాళ్లు ఇంకెవరూ లేకపోతే 31 తీసుకోండి. ఆ ఇన్‌ఫ్యూజన్ మీ స్మైట్ మీద కన్నా అతని మీద ఎక్కువ పండుతుంది.

బాస్ మీద నిరంతరం స్మైట్ సాధ్యమా? 3 నిమిషాల పోరాటానికి 90 స్మైట్లు, 25,200 మానా. చేతిలో ఉన్నది 5500. రెండు మేజర్ మానా పోషన్లకి సగటున 3600, రెండు డార్క్ రూన్లకి 2400. మొత్తం 11,500, అంటే 41 స్మైట్లు, 82 సెకన్లు. కుదరదు. నాలుగో ర్యాంకుతో అయితే 90 స్మైట్లకి 8550, పోషన్లతో సరిపోతుంది, కానీ అప్పుడు హీలింగ్‌కి మిగిలేది 3000 కూడా లేదు.

హోలీ ఫైర్‌ని రెయిడ్‌లో అసలు వాడొద్దు. బాస్ మీద 16 డెబఫ్‌లే (హాని చేసే ప్రభావాలే) నిలుస్తాయి. హోలీ ఫైర్ వదిలే మంట ఒక చోటు ఆక్రమించి ఇంకెవరిదో పనికొచ్చే డెబఫ్‌ని తోసేస్తే రెయిడ్ లీడర్ ఊరుకోడు.

పెండింగ్

స్ట్రాథోమ్, స్కోలోమాన్స్‌కి వేరే సెట్ కూడబెట్టాలి. అక్కడ దాదాపు అంతా అన్‌డెడ్. ఆర్జెంట్ డాన్ దగ్గర దొరికే రూన్ ఆఫ్ ది డాన్ అన్‌డెడ్ మీద 48 స్పెల్ డ్యామేజ్, బ్లెస్డ్ విజర్డ్ ఆయిల్ 60. కలిపి 108. నాలుగో ర్యాంకు స్మైట్‌కి అందులో 77 కలుస్తుంది, 95 మానా ఖర్చులో మార్పు లేకుండా. ఇవి హీలింగ్‌ని పెంచవు కాబట్టి ట్యాంక్ గేర్ తక్కువగా ఉన్న రోజు బ్రయార్‌వుడ్ రీడ్‌ని తీయకుండా రెండో ట్రింకెట్ చోటులో రూన్ పెట్టి చూడాలి. నీళ్ల లెక్కని ఈ గేర్‌తో మళ్లీ వేయాలి, 800 కొట్టే గ్రూపులో కూడా లాభం వస్తుందేమో అప్పుడు తేలుతుంది.